కాంక్రీటు పడకముందే అడగండి

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె పేరు చెప్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది యురేనియం. 2007లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు, 2012లో శుద్ధి కర్మాగారం మొదలైంది. ఖనిజం తీసుకున్నాక మిగిలే వ్యర్థాన్ని కె.కె.కొట్టాల దగ్గర కట్టిన టెయిలింగ్ పాండ్‌లో నింపుతారు. కొన్నేళ్లకే చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు మారిపోయాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని మొరపెట్టుకున్నారు. ఆ తగవులో మళ్లీ మళ్లీ పైకొచ్చిన ప్రశ్న ఒకటుంది. వ్యర్థ జలం భూమిలోకి ఇంకకుండా ఆ పాండ్ అడుగున పరవాల్సిన పొరను అనుమతుల్లో రాసినట్టే పరిచారా? కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. నిపుణులు వచ్చి నమూనాలు తీసుకుపోయారు. తమ వల్ల కాలుష్యం లేదని ఆ గనిని, కర్మాగారాన్ని నడిపే యురేనియం కార్పొరేషన్ చెబుతూ వచ్చింది.

ఆ తగవులో తీర్పు చెప్పడం ఈ అధ్యాయం పని కాదు. ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చిందో గమనించమనే అడుగుతున్నాను. పాండ్ ఖాళీగా, అడుగు కళ్లకు కనిపిస్తూ ఉన్నన్నాళ్లూ ఆ పొర గురించి ఎవరడిగినా చూపించడానికి వీలుండేది. నిండిపోయాక అదే సంగతి తేల్చడానికి శాస్త్రవేత్తలు, ప్రయోగశాలలు, కమిటీలు కావలసి వచ్చాయి. అయినా తగవు తెగలేదు.

మీ వీధిలో పడబోయే సీసీ రోడ్డుకూ, కాలువకూ ఇదే వర్తిస్తుంది. ప్రజాపనుల్లో మన డబ్బు చాలావరకు కంటికి కనపడని చోట ఖర్చవుతుంది. రోడ్డు కింద గ్రావెల్, కాలువ అడుగున బెడ్డు, స్లాబులోపల ఇనుము, కాంక్రీటు మందం, ఇవన్నీ ఒక్కరోజులో కప్పుపడిపోతాయి. ఊరి మేలు కోరే మనుషులు కూడా సాధారణంగా రెండు సార్లే నోరు విప్పుతారు. ఎన్నికలప్పుడు రోడ్డు కావాలంటారు, గుంతలు పడ్డాక తిడతారు. ఆ రెంటి మధ్య పని కాగితం మీద పుట్టి, టెండరై, కాంక్రీటై, బిల్లై పోతుంది. అడిగితే ఫలితముండే రోజులన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. ఆ రోజులు ఏవి, ఏ రోజున ఎవరిని ఏం అడగాలి అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఒక్క పనిని పట్టుకోండి

పులివెందుల కావచ్చు, మైదుకూరు, జమ్మలమడుగు, ఆదోని, డోన్ కావచ్చు, మున్సిపాలిటీ అనగానే మనందరి దగ్గరా ఒక చిట్టా సిద్ధంగా ఉంటుంది. నీళ్లు రావు, కాలువ పారదు, దీపం వెలగదు, చెత్తబండి రాదు. అన్నీ కలిపి ఒకే అర్జీలో రాసిస్తే అధికారి చూస్తామంటారు. పది సమస్యలున్న కాగితం ఏ ఒక్క ఫైలుకూ చెందదు, కాబట్టి అది ఏ ఒక్కరి బాధ్యతా కాదు. ఆఫీసులో ప్రతి పనికీ ఒక ఫైలు, ఒక నంబరు, ఒక ఇంజినీరు ఉంటారు. మీ ప్రశ్న ఆ నంబరుకు తగిలితేనే జవాబు చెప్పాల్సిన మనిషి తేలతాడు.

కాబట్టి ఈ సంవత్సరం మీ వార్డులో జరగబోయే ఒకే ఒక్క పనిని ఎంచుకోండి. రెండొందల మీటర్ల కాలువైనా చాలు. మొత్తం పట్టణాన్ని సరిదిద్దాలని బయల్దేరినవాళ్లు త్వరగా అలిసిపోవడం చూశాను. ఒక్క కాలువను మొదటి నుంచి చివరిదాకా వెంబడించినవాళ్లకు ఆఫీసు నడిచే పద్ధతి మొత్తం తెలిసిపోతుంది. తర్వాతి పనికి వాళ్లు ఎవరి సాయమూ అడగరు.

ఒంటరిగా వెళ్లకండి. మన ప్రాంతంలో కాంట్రాక్టు ఎవరికి దక్కిందన్నది సిమెంటు, కంకరతో తేలే విషయం కాదని పసిపిల్లలకూ తెలుసు. ఒక్కడే వెళ్లి అడిగితే ‘వాడు ఫలానా పార్టీవాడు’ అన్న ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. అందుకే వీధిలో నలుగురైదుగురు కలవండి, అందులో రెండు పార్టీలకూ ఓటేసేవాళ్లు ఉండేలా చూసుకోండి. పొదుపు సంఘం అక్కలు ఉంటే ఇంకా మేలు. పని జరిగే పగటివేళ ఇంటి దగ్గర ఉండేది ఎక్కువగా వాళ్లే. లెక్క రాసే అలవాటూ, ఆఫీసర్లతో మాట్లాడే అలవాటూ వాళ్లకు ఇప్పటికే ఉన్నాయి.

మొదటి అడుగు వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో ఇంజినీరింగ్ పనులు చూసేందుకు వార్డు ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. మా వార్డుకు ఈ ఏడాది ఏ పనులు పెట్టారు, ఏ నిధుల కింద పెట్టారు అని అడగండి. రెండో ప్రశ్న మరిచిపోవద్దు. ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగాన్ని తాగునీటికీ, పారిశుద్ధ్యానికే వాడాలి. మున్సిపాలిటీ సాధారణ నిధి మన ఇంటిపన్ను, నీటిపన్నుల నుంచి వస్తుంది. నిధి ఏదో తెలిస్తే ఆ పనిని ఎవరు తనిఖీ చేస్తారో, బిల్లు ఎక్కడ ఆగుతుందో కూడా తెలుస్తుంది.

అజెండా చదవడం

కౌన్సిల్ నెలకోసారి కూర్చోవాలి. కూర్చునే ముందు సభ్యులకు అజెండా పంపుతారు. అది రహస్య పత్రం కాదు. మీ కౌన్సిలర్‌ను కలిసి, “అన్నా, అజెండా ఒకసారి ఇయ్యి, ఫోటో తీసుకుని మళ్లీ ఇస్తా” అంటే చాలామంది ఇస్తారు. చాలా వార్డుల్లో ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

చదివేటప్పుడు పనుల అంశాలను మూడు రకాలుగా విడదీసుకోండి. కొత్త ఎస్టిమేట్లకు ఆమోదం కోరేవి కొన్ని. తక్కువకు కోట్ చేసిన కాంట్రాక్టర్ టెండరును ఆమోదించమనేవి కొన్ని. చైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో ఇప్పటికే మొదలుపెట్టిన, ఒక్కోసారి ముగించేసిన పనులను ధ్రువీకరించమనేవి మరికొన్ని. నా దృష్టిలో ఎక్కువసేపు చదవాల్సింది ఈ మూడో రకాన్నే. వరదొచ్చి పైపులైను కొట్టుకుపోతే కౌన్సిల్ కూర్చునేదాకా ఆగమని ఎవరూ అనరు. మామూలు కాలువకు అంత తొందర ఎందుకొచ్చిందో మాత్రం అడగాలి. సమావేశం రోజు చేతికిచ్చే టేబుల్ అజెండాలో పనులు కనపడితే అక్కడా ఇదే ప్రశ్న వేయండి.

2024 నవంబరులోనూ డిసెంబరులోనూ కడప నగరపాలక సంస్థ సమావేశాలు రాష్ట్రమంతటా వార్తలయ్యాయి. వేదిక మీద ఎమ్మెల్యే మాధవీరెడ్డికి కుర్చీ వేయలేదన్న వివాదమే అందుకు కారణం. ప్రజాప్రతినిధి గౌరవం చిన్న విషయమని నేను అనను. కానీ ఆ రోజుల్లో అజెండాలో మన డివిజన్ పని ఏమైందో ఎంతమందిమి చూసుకున్నాం? 2025 మే నెలలో మేయర్ కె.సురేష్‌బాబును పదవి నుంచి తొలగిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కుటుంబసభ్యులు డైరెక్టర్లుగా ఉన్న సంస్థకు కార్పొరేషన్ పనులు దక్కాయన్నది ప్రభుత్వం చూపిన కారణం. ఆయన దాన్ని అంగీకరించలేదు, వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఇందులో రాజకీయం పాలు ఎంతో ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు. పౌరుడిగా మనం పట్టుకోవాల్సిన సంగతి వేరే ఉంది. పాలకవర్గ సభ్యులకు తమ మున్సిపాలిటీ ఇచ్చే కాంట్రాక్టుల్లో స్వలాభం ఉండకూడదని మున్సిపల్ చట్టాలు చెబుతాయి. టెండరు ఆమోదం అంశంలో కాంట్రాక్టు సంస్థ పేరు రాసి ఉంటుంది. అది రిజిస్టరైన కంపెనీ అయితే డైరెక్టర్లెవరో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ పేర్లు చూడటానికి ఎమ్మెల్యే ఫిర్యాదు, విజిలెన్స్ విచారణ దాకా ఆగనక్కర్లేదు. టెండరు ఆమోదానికి వచ్చిన రోజునే చూడొచ్చు.

కౌన్సిల్‌లో మీ తరఫున అడిగేవారే లేకపోతే? 2021 మార్చి ఎన్నికల్లో పులివెందుల, పుంగనూరు, పిడుగురాళ్ల, మాచర్ల మున్సిపాలిటీల్లో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. ఎదురు బెంచీ లేని సభలో అసమ్మతి రాయించే సభ్యుడు దొరకడం కష్టం. అంతకుముందు 2019 జులై నుంచి 2021 మార్చి దాకా రాష్ట్రంలో చాలా పట్టణాలకు పాలకవర్గాలే లేవు, ప్రత్యేకాధికారులు నడిపారు. అలాంటి కాలంలో సమావేశపు కబుర్లు పత్రికల్లో రావు. ఒకే అధికారి సంతకంతో పని నడిచిపోతుంది. సభ నోరు మూసుకున్న రోజుల్లో మీరు ఫైలును ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి.

ఎస్టిమేట్‌లో ఏముంటుంది

ఎస్టిమేట్ చూసి భయపడొద్దు. అది కొన్ని వరుసల పట్టిక, అంతే. మట్టి తవ్వకం, గ్రావెల్, బెడ్డు కాంక్రీటు, పైన వేసే కాంక్రీటు, ఇనుము, ఒక్కో ఐటమ్‌కు పొడవు, వెడల్పు, మందం, పరిమాణం, రేటు ఉంటాయి. ఆ రేట్లు ప్రభుత్వం ప్రకటించే స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ నుంచి వస్తాయి. చివర్లో జీఎస్టీ, ఒక శాతం కార్మిక సెస్సు, సీనరేజీ వంటివి కలుస్తాయి. జీఎస్టీ ఒక్కటే 2022 జులై నుంచి 18 శాతం. పది లక్షల పని అనగానే పది లక్షల కాంక్రీటు పడాలని వాదించేవాళ్లు ఈ వరుసలు చదవరు. అలా వాదించినప్పుడు ఇంజినీరు ముందు మన మాట చులకనవుతుంది. అందుకే ముందు చదవండి.

లెక్క ఇలా వేసుకోండి. వంద మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న రోడ్డుకు 60 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. పది సెంటీమీటర్లే వేస్తే 40 ఘనపు మీటర్లతో సరిపోతుంది. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా కనిపిస్తాయి, మూడో వంతు కాంక్రీటు కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే మీ నోటుబుక్కు మొదటి పేజీలో మందం, వెడల్పు, కాంక్రీటు గ్రేడు రాసుకోండి. ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

టెండరుకు పోకముందే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, ఇవి డబ్బు తినడానికి సంబంధించినవి కావు, ఆలోచనకు సంబంధించినవి. కాలువ చివర ఎక్కడ కలుస్తుంది? వంకలో కలిసే దారి చూపకుండా కట్టిన కాలువ పొడవాటి మురుగు తొట్టిగా మిగులుతుంది. రోడ్డు కింద నీటిపైపు మార్చాల్సిన అవసరముందా? ఉంటే ముందు అదే కావాలి, లేకపోతే రోడ్డు పడిన ఆరు నెలలకు తవ్వుతారు. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తారా, పాతది తీసేసి పోస్తారా? మీద మీద పోస్తూ పోతే ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి దిగిపోతాయి, వాన నీళ్లు నేరుగా నట్టింట్లోకొస్తాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఆదోని వైపు నల్లరేగడి ఎక్కువ. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద గ్రావెల్ పొర సరిగా లేకపోతే పైన ఎంత మంచి కాంక్రీటు పోసినా పగులుతుంది. ఎస్టిమేట్‌లో ఆ పొర ఉందా అని అడగడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు.

టెండర్లు ఇప్పుడు ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో జరుగుతాయి. మన రాష్ట్రం 2003లోనే ఆ పద్ధతి మొదలుపెట్టింది. 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక దాన్ని తీసేశారు. పద్ధతులు మారినా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని మారలేదు. 2003 జులై 1న ఇరిగేషన్ శాఖ ఇచ్చిన జీవో 94ను మిగతా ఇంజినీరింగ్ శాఖలూ పాటిస్తూ వచ్చాయి. దాని ప్రకారం అంచనా విలువ మీద 5 శాతానికి మించి ఎక్సెస్‌కు టెండరు ఒప్పుకోకూడదు. 25 శాతానికి మించి లెస్‌కు వేస్తే ఆ పైన తగ్గించిన మొత్తానికి కాంట్రాక్టర్ అదనపు హామీ కట్టాలి. పది లక్షల పనిని ఏడు లక్షలకు చేస్తానన్నవాడు యాభై వేలకు బ్యాంకు గ్యారంటీయో డీడీయో ఇవ్వాలన్నమాట. లెస్ చూసి సంబరపడొద్దు. 30, 35 శాతం లెస్‌కు పని పట్టినవాడు ఆ డబ్బును ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి. ఆ హామీ కట్టించుకున్నారా అని అడగండి, పని జరిగే రోజు మరింత జాగ్రత్తగా ఉండండి. దీనికి ఎదురు పరిస్థితి, బిడ్లన్నీ అంచనాకు అరశాతం అటూ ఇటూ ఉండటం. అది కాంట్రాక్టర్లు రింగయ్యారేమోనన్న అనుమానానికి తావిస్తుంది. ఒకే వీధి పనిని మూడు ముక్కలు చేసి, మూడింటికీ దగ్గర దగ్గర విలువలు వేసి, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చారంటే కారణం అడిగి తీరాలి.

పని జరిగే రోజు

ఈ రోజు మీరు అక్కడ ఉండాలి. మిగతా మెట్లన్నీ తప్పినా ఈ ఒక్కటి తప్పకండి.

కాంక్రీటు పోయకముందు రోడ్డుకు రెండు వైపులా పలకలు బిగిస్తారు. ఆ పలక ఎత్తే మీ రోడ్డు మందం. టేపు పట్టి కొలవండి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. మధ్యలో ఎత్తు తగ్గకుండా చూడాలి. అంచుల్లో మందంగా పోసి నడుమ పల్చన చేయడం తెలిసిన కిటుకే. తేడా ఉంటే మేస్త్రీతో గొడవ పడొద్దు, అతను కూలికి వచ్చిన మనిషి. అసిస్టెంట్ ఇంజినీరుకు ఫోన్ చేయండి. “సార్, ఎస్టిమేట్‌లో ఆరంగుళాలు రాసినారు, ఈడ నాలుగే ఉంది. మీరు వచ్చి ఒకసారి చూడండి, అంతవరకు పోయొద్దని చెప్పండి.” ఇంతే చాలు. గొంతు పెంచనక్కర్లేదు. ఒక్కో ఇంజినీరు మీద ఎన్నో పనులుంటాయి, చాలామంది రావడానికి ఇష్టపడతారు గానీ ఏ రోజు ఎక్కడికి రావాలో చెప్పేవాళ్లుండరు.

మిక్సర్ దగ్గర నీళ్లను చూడండి. నీళ్లు ఎక్కువ పోస్తే కాంక్రీటు జారుగా ఉండి పరచడం తేలికవుతుంది, బలం మాత్రం పోతుంది. ఒకటి రెండు చోట్ల 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో కాంక్రీటు నింపి క్యూబులు తీయాలి, 28 రోజులకు వాటిని నొక్కి పరీక్షిస్తారు. ఎం20 అని రాస్తే ఆ రోజుకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని అర్థం. క్యూబులు తీశారా, ఎన్ని, ఏ తేదీన అన్నది మీ నోటుబుక్కులో పడాలి. తర్వాత ఫలితం కాగితం అడగడానికి ఆ తేదీ అవసరమవుతుంది.

ఇక క్యూరింగ్. కడప, కర్నూలు ఎండల్లో రోడ్లు పాడవడానికి నేను అన్నిటికంటే ముందు అనుమానించేది దీన్నే. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి నిధులు వెనక్కిపోతాయన్న తొందరలో ఫిబ్రవరి, మార్చిలో పనులు పరుగులు పెడతాయి. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది, నీళ్లు తగ్గుతాయి. కాంక్రీటు గట్టిపడటానికి నీళ్లు కావాలి. పైనుంచి తడి ఆవిరైపోతే అది సగంలోనే ఆగిపోతుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, వేడిగా పొడిగా ఉండే చోట కనీసం పది రోజులు తడిగా ఉంచాలంటుంది. పీపీసీ వంటి మిశ్రమ సిమెంటు వాడితే పద్నాలుగు రోజులు ఉంచమని సూచిస్తుంది. మనది వేడిగా పొడిగా ఉండే చోటే, ఇక్కడ వాడే బస్తాల మీద పీపీసీ అని తరచూ కనిపిస్తుంది. అంటే రెండు వారాల నీళ్లు.

తాగడానికి మూడు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో రెండు వారాలు రోడ్డుకు నీళ్లెక్కడివి? ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని పని మొదలయ్యే ముందే వేయాలి. క్యూరింగ్ ఖర్చు రేటులోనే కలిసి ఉంటుంది, కాంట్రాక్టర్ ట్యాంకరు తెప్పించాలి. రోడ్డు మీద చిన్న మడులు కట్టి నీళ్లు నిలిపితే, లేదా తడి గోనెపట్టాలు పరిస్తే నీళ్లు తక్కువ పడతాయి. పొద్దున ఒకసారి పైపుతో చిలకరించి పోతే మధ్యాహ్నానికే ఆరిపోతుంది, దాన్ని క్యూరింగ్ అనలేం. మీ బృందంలో ఎవరి ఇంటి ముందు ఏ భాగముందో పంచుకోండి. మడి ఆరిన పూట ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, తేదీ, వేళ రాసుకోవాలి. ఈ పద్నాలుగు రోజుల ఓపిక ఆ రోడ్డు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఏ అధికారీ రోజూ వచ్చి మీ వీధి మడులు చూడలేడు, మీరు చూడగలరు.

ఎం-బుక్కు, బిల్లు

పని అయ్యాక అసిస్టెంట్ ఇంజినీరు కొలతలు తీసి మెజర్‌మెంట్ బుక్కులో రాస్తారు. అందరూ దాన్ని ఎం-బుక్కు అంటారు. పైఅధికారి చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. బిల్లు ఆ కొలతల మీదే పుడుతుంది. కాబట్టి మీ టేపు కొలతకూ, ఎం-బుక్కు కొలతకూ తేడా ఉంటే ఫైనల్ బిల్లు పోకముందే రాతపూర్వకంగా కమిషనర్‌కు చెప్పాలి. బిల్లు చెల్లించాక డబ్బు వెనక్కి రప్పించడం ఏళ్ల పని.

కాంట్రాక్టర్ వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. గత కొన్నేళ్లలో బిల్లులు రావన్న భయంతో టెండర్లకు ఎవరూ ముందుకు రాని వార్తలు మనం చదివాం. చేసిన పనికి ఏడాది రెండేళ్లు డబ్బు రాకపోతే, వడ్డీకి తెచ్చిన మనిషి తర్వాతి పనిలో ఆ వడ్డీని సిమెంటు లోంచి తీసుకుంటాడు. సరిగా చేసిన పనికి బిల్లు ఆగితే, మీ వీధివాళ్లు నలుగురు సంతకాలు పెట్టి ‘ఈ పని బాగా జరిగింది, బిల్లు చెల్లించండి’ అని ఒక కాగితం ఇవ్వండి. తప్పు పట్టడానికి వెళ్లిన మనిషే మంచికి సాక్ష్యం చెప్తే ఆ ఆఫీసులో ఆ మనిషి మాటకు ఉండే బరువు వేరు.

కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టాన్ని ఉత్తరం పంపడానికే వాడతారు గానీ, సెక్షన్ 2(జె) ఇచ్చిన హక్కు అంతకన్నా పెద్దది. పనినీ, రికార్డులనూ స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి ఇమ్మని అడగవచ్చు. దరఖాస్తులో ‘ఎందుకు నాసిరకంగా వేశారు’ అని రాయకండి, దానికి జవాబివ్వాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఉన్న కాగితాన్ని అడగండి: “ఫలానా వార్డు, ఫలానా వీధి సీసీ కాలువ పనికి సంబంధించిన మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్కు పేజీలు, క్యూబు పరీక్ష ఫలితాలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు. పై రికార్డులను తనిఖీ చేయడానికి ఒక తేదీ తెలపగలరు.” మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మున్సిపాలిటీ వంటి మిగతా కార్యాలయాలకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తేదీలు తప్పితే హక్కు జారిపోతుంది, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

పల్లెల్లో ఉన్నవాళ్లకు

తుమ్మలపల్లె లాంటి ఊళ్లో కౌన్సిల్ స్థానంలో పంచాయతీ, దాంతోపాటు గ్రామసభ ఉంటాయి. ఇక్కడ మీకు పట్టణంవాళ్లకు లేని బలం ఒకటుంది, గ్రామసభలో మీరే సభ్యులు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. ఆ ఏడాది అక్టోబరులో పల్లె పండుగ పేరుతో సీసీ రోడ్ల పనులు మొదలుపెట్టారు. మీ ఊరి తీర్మానంలో ఏ వీధి పేరుందో, చివరికి ఏ వీధిలో రోడ్డు పడిందో పోల్చి చూశారా? తీర్మానాల పుస్తకం పంచాయతీ ఆఫీసులోనే ఉంటుంది. పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో పెడతారు.

అందరూ కూర్చుని లెక్క చదివే అలవాటు మనకు కొత్త కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో పంచాయతీ పనుల లెక్కలను ఊరి మధ్యలో గట్టిగా చదివించింది. మస్టర్ రోల్‌లో పేరున్న కూలీలే లేచి మేం ఆ పనికి పోనేలేదని చెప్పారు. సమాచార హక్కు ఉద్యమం అలాంటి సభల నుంచే పెరిగింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికీ మన పక్క అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. సామాజిక తనిఖీని పథకంలో భాగంగా క్రమపద్ధతిలో నడిపిన మొదటి రాష్ట్రం మనదే. ఊళ్లో చదువుకున్న పిల్లలే తనిఖీదారులై ఇంటింటికీ తిరిగి లెక్క సరిచూశారు. కాలువ ఎస్టిమేట్‌ను రచ్చబండ దగ్గర చదవడం దానికన్నా తేలిక.

గ్యారంటీ గడువు

బిల్లు అయిపోగానే చాలామంది నోటుబుక్కు మూసేస్తారు. మన రాష్ట్రంలో ఇలాంటి పనులకు మామూలుగా రెండేళ్ల డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఉంటుంది, మీ పనికి ఎంతో అగ్రిమెంట్‌లో చూడండి. ఆ గడువులో లోపం బయటపడితే కాంట్రాక్టర్ తన ఖర్చుతో సరిచేయాలి. అందుకోసమే అతని డిపాజిట్టు, బిల్లుల్లో పట్టుకున్న సొమ్ము మున్సిపాలిటీ దగ్గర ఉంటాయి. పని ముగిసిన తేదీ, గడువు ముగిసే తేదీ రెండూ రాసి పెట్టుకోండి. మనకు వానలు గట్టిగా పడే అక్టోబరు, నవంబరు దాటాక ఒకసారి వీధి మొత్తం నడిచి చూడండి. పగుళ్లు, కుంగిన చోట్లు, నీళ్లు నిలిచే చోట్లు ఫోటో తీయండి. గడువుకు రెండు నెలల ముందు మళ్లీ ఒకసారి చూడండి. లోపాలు రాసి, పని పేరు, అగ్రిమెంట్ నంబరు వేసి కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి, మరమ్మతు అయ్యేదాకా డిపాజిట్టు విడుదల చేయొద్దని అందులో కోరండి. నకలు ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. గడువు దాటాక అదే గుంత పూడ్చాలంటే కొత్త ఎస్టిమేట్, కొత్త టెండరు, మళ్లీ కౌన్సిల్ అజెండా కావాలి. గడువులోపల ఇచ్చిన అర్జీకి పాత కాంట్రాక్టరే రావాలి. కాబట్టి రశీదు మీద తేదీ ముద్ర సరిగా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని కదలండి.